గెంతు చూసి జాతకం చెప్పరాదు

ముప్పై సెంటీమీటర్ల ఎత్తు పెట్టె మీదినుంచి దూకి, కాళ్లు నేలకానగానే పైకి ఎగరాలి. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలితే ఆ క్రీడాకారిణికి మోకాలి గండం ఉందని శిక్షకులు అనుమానిస్తారు. 2005లో అమెరికాలో 205 మంది క్రీడాకారిణులపై జరిపిన పరిశీలన ఈ అనుమానాన్ని బలపరిచింది. అయితే అందులో గాయపడినవారు 9 మందే.

నార్వేలో 710 మంది ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ క్రీడాకారిణులను ఏళ్ల తరబడి గమనించి 2016లో ప్రకటించిన ఫలితం వేరు. 42 మందికి మోకాలి లోపలి లిగమెంటు తెగింది. ఎవరికి తెగుతుందో గెంతు పరీక్ష ముందుగా తేల్చలేకపోయింది. మోకాళ్లు వాలినవారిలో అనేకులు క్షేమంగా ఆడారు. సరిగా దిగినవారిలోనూ కొందరు గాయపడ్డారు.

మన పల్లెల్లో కబడ్డీ, ఖోఖో జట్లను ఎంపిక చేసే పెద్దలు ఇది గమనించాలి. ఒక్క గెంతు చూసి ఆడపిల్ల పేరు కొట్టివేయడం అన్యాయం. గెంతు పరీక్ష తప్పు దిద్దడానికి పనికిరావచ్చు. తలుపు మూయడానికి కాదు.

నార్వేలోనే 1,837 మంది యువ హ్యాండ్‌బాల్ క్రీడాకారులపై జరిపిన మరో ప్రయోగం 2005లో వెలువడింది. ఆటకు ముందు 15 నుంచి 20 నిమిషాలు పరుగు, నిలకడ, దూకి దిగే పద్ధతి నేర్పగా మోకాలు, చీలమండ గాయాలు సుమారు సగానికి తగ్గాయి. ఆ కసరత్తుకు ఖర్చు స్వల్పం. పిల్లలను ఏరివేయడం మాని, అందరిచేతా అది చేయించడం వ్యాయామోపాధ్యాయుల కర్తవ్యం.