ఇంటింటి ఆరోగ్యం: ముక్కులోంచి వచ్చే మాట

రెండేళ్ళ కిందటి ఉగాదికి మన మిస్సిసాగా పిల్లల కార్యక్రమంలో ఒక ఆరేళ్ళ పాప పద్యం చదివింది. అక్షరం తప్పులేదు. కాని "బాబాయి" అంటే "మామాయి" అన్నట్టు వినిపించే గొంతు. వెనక వరసలో పిల్లలు నవ్వారు. ఆ తరవాత పాప స్టేజీ ఎక్కనంది. తల్లిదండ్రులు సరేనన్నాకనే ఈ సంగతి రాస్తున్నాము.

నాయనమ్మగారు వసకొమ్ము పంపించారు. ఎవరో బూరలు ఊదించమన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు కదా, తికమక పడుతోందని మేమే అన్నాము. అన్నీ తప్పే.

ప, బ, ట, డ, స అనేటప్పుడు అంగిట్లో వెనకభాగం, కొండనాలుక వేలాడే మెత్తని చోటు, లేచి గొంతు వెనక గోడకు ఆని ముక్కుదారి మూస్తుంది. మ, న లకు తెరిచి ఉంటుంది. ఆ తలుపు సరిగా పడకపోతే గాలి ముక్కులోకి పోయి "బ" కాస్తా "మ" అవుతుంది. ఊదించినంత మాత్రాన బాగుపడదు. చిన్న అద్దం ముక్కు కింద పెట్టి "పాప, పాప" అనిపించండి. మసక పడితే డాక్టరుకు చెప్పవలసిందే.

ఈ పాపకు పైకి చీలిక ఏమీ లేదు. కొండనాలుక మాత్రం రెండు పాయలుగా ఉంది. లోపల కండరాలు కలవలేదన్నమాట! ఇటువంటి పిల్లలకు ఎడినాయిడ్స్ తీయించే ముందు అంగిలి తప్పక చూపించాలి. కొందరికి ఆ కండ అడ్డుండబట్టే తలుపు పడుతుంది, తీసేస్తే మాట చెడుతుంది.

టొరంటో సిక్‌కిడ్స్ ఆస్పత్రిలో దీనికి ప్రత్యేక బృందం ఉన్నది. మాట్లాడిస్తూ ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం వేసి సందు ఎంతో చూస్తారు. చిన్నదైతే అంగిలిని జెడ్ ఆకారంలో కోసి, పొడుగు చేసి, కండరాలు కలిపి కుట్టవచ్చు. ఇది అమెరికా సర్జన్ ఫర్లో 1986లో ప్రచురించిన పద్ధతి. పెద్దదైతే గొంతు వెనక గోడ నుంచి కండ లేపి అంగిలికి కుట్టి, రెండు పక్కలా ఊపిరికి దారి వదులుతారు. 1875లో జర్మన్ సర్జన్ షోన్‌బోర్న్ చేసిన పనికి ఇది వారసత్వం. దీని తరవాత కొందరికి గురక, నిద్రలో ఊపిరి ఆగడం వస్తుంది. ముందే అడిగి తెలుసుకోండి. ఆపరేషను ఖర్చు ఓహిప్ చూసుకుంటుంది.

పాపకు ఆపరేషను అయి ఏడాది. తలుపు పడుతోంది గాని నాలుకకు పాత అలవాట్లు పోవద్దూ? వారం వారం స్పీచ్ థెరపీకి తీసుకువెళుతున్నారు. మొన్న మా ఇంటికి ఫోను వచ్చింది, "బాబాయిగారున్నారా?" అని. ఎవరమ్మా నువ్వు, అని అడిగాము.