ఏడాదిలో మనకి ఒక్క రోజు, ఆ రోజైనా పేరు లేదు

పెద్ద పోస్టు ఇది. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి.

ఒక యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీలో ఏడాది పొడుగునా పెట్టిన ప్రదర్శనల పట్టిక చూశాను. ఏ యూనివర్సిటీ అన్నది చెప్పను, ఈ జబ్బు ఒక్కచోటుది కాదు. ఒక నెల పెద్ద చిత్రకారుడి పేరుతో ప్రదర్శన. ఇంకో నెల శిల్పి పేరుతో. మరో నెల ఫైనల్ ఇయర్ విద్యార్థుల బొమ్మలు, ఆ పిల్లలకి కూడా ఒక్కొక్కరికీ పేరు, ఊరు, ఫోటో. ఆగస్టు వచ్చేసరికి "గిరిజన కళ". ఎవరు వేశారు? గిరిజనులు. ఏ ఊరు? ఏజెన్సీ. ఎప్పుడు? ప్రాచీన కాలం నుంచి!

ప్రాచీనం అంట. గుడ్డ మీద కొట్లో కొన్న రంగుతో వేసిన బొమ్మ అది. వేసిన మనిషి బతికే ఉంటాడు. ఆ రోజు ఉపాధి పనికి పోయి తట్టలు మోస్తూ ఉండొచ్చు.

ఆగస్టు 9 అయిపోతే మనం కూడా అయిపోతాం. ఆ రోజు ఆఫీసర్లకి ఎదురెళ్ళి మన ఆడపిల్లలు థింసా ఆడాలి, మగపిల్లలు డప్పు కొట్టాలి, మర్నాడు గోడ మీద బొమ్మలు దింపేస్తారు.

భీమిలిలో ఉండే మనవాళ్ళందరూ డచ్ వాళ్ళ సమాధులు చూసే ఉంటారు. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి, ఇక్కడే చనిపోయినవాళ్ళు. రాళ్ళ మీద పేర్లు చెక్కించుకున్నారు, ఇప్పటికీ ఉన్నాయి. నాకు వాళ్ళ మీద కోపమేం లేదు. కానీ మూడొందల ఏళ్ళ కిందట పోయిన పరదేశి పేరు దొరుకుతున్నప్పుడు, సీతంపేట కొండ మీద బతికున్న సవర చిత్రకారుడి పేరు ఎందుకు దొరకదు?

మేం సవరలం, మా సంగతే చెప్తాను. ఇడితాల్ అనేది ఇంటికి అందం కోసం వేసేది కాదు. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, లేదంటే పోయిన పెద్దవాళ్ళకి ఏదో లోటు జరిగిందని తెలుస్తుంది. పూజారి అడిగి చెప్తాడు. అప్పుడు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి కలిపిన తెల్లటి నీళ్ళతో, పుల్ల చివర నలగ్గొట్టి దానితో వేస్తారు. అది ఆ పెద్దలు వచ్చి ఉండే ఇల్లు. అందుకే అందులో సూర్యుడు, చంద్రుడు, గుర్రం, చెట్టు మాత్రమే కాదు, వాళ్ళకి కావాల్సినవన్నీ ఉంటాయి. వెరియర్ ఎల్విన్ 1950ల్లో రాసిన పుస్తకాల్లోనే విమానం, రైలు, సైకిలు ఉన్న సవర బొమ్మలున్నాయి. అంటే మన తాతలు కొత్తగా ఏది కనపడితే దాన్ని గోడ మీదికి తెచ్చారు. మరి మ్యూజియం వాళ్ళు దాన్ని తీసుకెళ్ళి "ఆదిమ" అని ఎలా రాస్తారు?

దీనికి మనలోనే ఒక సమాధానం ఉంది. "మన కళ అందరిదీ, ఒక్కడి పేరు పెట్టడం మన పద్ధతి కాదు" అని. ఈ మాట అనే అన్నల మీద గౌరవం ఉంది, అయినా ఒప్పుకోను. ఊళ్ళో పేరు రాయక్కర్లేదు, ఎందుకంటే ఎవరు వేశారో ఊరందరికీ తెలుసు. నగరంలో గోడకి వేలాడదీసినప్పుడు ఎవరికీ తెలీదు. అక్కడ పేరు రాయకపోతే అది అందరిదీ అవదు, ఎవరిదీ కాకుండా పోతుంది. ఎవరిదీ కానిదాన్ని క్యాలెండర్ మీద, కాఫీ కప్పు మీద ఎవడైనా వేసుకోవచ్చు, డబ్బులివ్వక్కర్లేదు.

వేరేచోట జరిగింది కాబట్టే అడుగుతున్నాను. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ తెరిచినప్పుడు జె. స్వామినాథన్ అనే చిత్రకారుడు ఆదివాసుల బొమ్మల్ని, ఆధునిక చిత్రకారుల బొమ్మల్ని ఒకే కప్పు కింద పెట్టారు. పటన్‌గఢ్ అనే ఊరి గోండు కుర్రాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పేరు అలా బయటికొచ్చింది. 1989లో పారిస్‌లో పెద్ద ప్రదర్శనలో అతనూ ఉన్నాడు, వార్లీ చిత్రకారుడు జివ్యా సోమా మశే కూడా ఉన్నాడు, ఇద్దరూ సొంత పేర్లతోనే. మశేకి 2011లో పద్మశ్రీ వచ్చింది. అక్కడితో అన్నీ బాగైపోయాయని అనను. జన్‌గఢ్ 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ, ఇంటికి దూరంగా ప్రాణం తీసుకున్నాడు. పేరొచ్చినా కష్టం పోలేదు. అలాగని పేరే వద్దంటామా?

ఇక మన దగ్గర. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకి వందేళ్ళు. పేరులోనే కళ ఉంది. అక్కడ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, ఆంత్రోపాలజీ విభాగం ఉంది. మామూలుగా దేశంలో ఎక్కడైనా మన వస్తువు రెండోదానికే పోతుంది. వాళ్ళు వేస్తే కళ, మనం వేస్తే శాస్త్రానికి నమూనా. గదబ ఆడవాళ్ళు చెట్టు నార తీసి నేసిన కెరంగ గుడ్డ, ఆ చారల లెక్క, ఆ రంగుల పొందిక ఏ చిత్రకారుడికి తక్కువ? దాన్ని మట్టిబొమ్మకి చుట్టి అద్దాల పెట్టెలో నిలబెట్టడమే మనకి తెలిసిన మ్యూజియం.

విజయనగరం జిల్లాలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం సొంత క్యాంపస్‌కి 2023 ఆగస్టులో శంకుస్థాపన చేశారు. పేరే మనది. అక్కడ ఒక ఆర్ట్ మ్యూజియం కావాలని ఇప్పుడే అడగాలి, భవనాలన్నీ లేచాక అడిగితే స్థలం లేదంటారు. ఏడాది ప్రదర్శనలు ఎలా ఉండాలో కూడా మనమే చెప్పాలి. ఒక సీజన్ సవర బొమ్మలు, ఒక సీజన్ గదబ నేత, ఒక సీజన్ కోయల డోలీ పాటకి సంబంధించినవి. డోలీ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? లేబుల్ మీద మనిషి పేరు, ఊరు, మన భాషలో ఒక ముక్క. బొమ్మకి డబ్బు, వచ్చినందుకు బస్సు చార్జీ, ఉండటానికి గది. ఏది బయట చూపించొచ్చు, ఏది ఇంట్లోనే ఉండాలి అన్నది వేసినవాళ్ళు చెప్పాలి. పూజలో ఉన్న గోడని ఫోటో తీసి ఫ్రేము కట్టే హక్కు ఏ ప్రొఫెసర్‌కీ లేదు.

వినతిపత్రం రాస్తున్నాం. సెలవులకి ఊరెళ్ళేవాళ్ళు ఒక పని చెయ్యండి. మీ ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళు, నేసేవాళ్ళు, వాయిద్యాలు చేసేవాళ్ళు ఎవరున్నారో కనుక్కోండి. వాళ్ళని అడిగి, వాళ్ళు సరే అంటేనే, పేరూ ఊరూ కాగితం మీద రాసుకు రండి. ఇంటిపేరు తప్పు లేకుండా రాయండి, రేషన్ కార్డులో ఎలాగూ తప్పే ఉంటుంది.