మంద ఏమి మేసినది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతముల ఎర్రనేలలలో గొర్రెల మంద కట్టించుట తాతల నాటి అలవాటు. బేరము మాత్రము తలల లెక్కనే జరుగును. మంద ఏమి మేసి వచ్చినదని అడుగువారు అరుదు. నా మట్టుకు మొదట అడుగవలసినది అదే.

మేతలోని నత్రజనిలో కొద్ది భాగమే గొర్రె ఒంట నిలుచును. మిగిలినది బయటికే వచ్చును. ఎండుగడ్డి మేసినచో అది ఎక్కువగా పెంటికలలో ఉండి పైరుకు మెల్లగా అందును. వేరుసెనగ కట్టె, పచ్చి ఆకు, చెక్క బాగుగా మేసినచో ఒంటికి పట్టని మాంసకృత్తులు మూత్రములో యూరియాగా పోవును. సంచిలో కొను యూరియాయు ఇదియు ఒకటే. పందులకును ఇదే సూత్రము: మేతలో పీచు పెరిగినచో నత్రజని కొంత మూత్రము నుండి పెంటకు మరలును.

చిక్కు ఇచటనే యున్నది. మూత్రములోని యూరియా ఒకటి రెండు దినములలోనే అమ్మోనియాగా మారి, ఎండకు గాలిలో కలియును. మంద లేచిన చోట ఘాటు ముక్కుకు తగిలినదా, ఇచ్చిన గింజలలో కొన్ని ఎగిరిపోయినట్లే. పెంటికలు కంటికి కనబడుచుండును గనుక మనకు తృప్తి! మంచి మేత మేసిన మంద లేచిన ఉదయమే, ఎండ ముదరక ముందు, గుంటక తోలి మట్టి కప్పవలెను. గ్రామ వ్యవసాయ సహాయకులు ఎరువు బండ్ల లెక్కతో పాటు ఈ మాటయు చెప్పినచో బాగుండును.

వేరుసెనగకు గాలిలోని నత్రజనిని వేరు బుడిపెలే సమకూర్చును. కాబట్టి అట్టి మందను ముందుగా రాగి చేనిలోనో, మల్బరి నాటబోవు భూమిలోనో కట్టించుట మేలు. దాని కాపరికి రాత్రికి నాలుగు గింజలు ఎక్కువ కొలిచినను నష్టము లేదు.