హాజరుపట్టీలో పేరుంటే చాలదు – బిడ్డకు పాఠం అందాలి!

తల్లిదండ్రులారా! టీచర్లారా! ఊరి పెద్దలారా!

చూపులేని పిల్ల, వినపడని పిల్లవాడు, ఎదుగుదల మందగించిన బిడ్డ మన బడికి వస్తున్నారు. హాజరు పడుతోంది, మధ్యాహ్న భోజనం పెడుతున్నారు, పాఠం మాత్రం అందడం లేదు. "వీడికి చదువు రాదు" అనేస్తున్నాం. ఆ మాట అనేముందు, వాడికి అర్థమయ్యే తీరులో ఒక్కసారైనా చెప్పామా?

టీచర్లారా, రేపటి పాఠం నుంచే మొదలుపెట్టండి:

● వినికిడి తక్కువున్న పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. మీ పెదవులు వాళ్లకు కనపడాలి. బొమ్మలు చూపండి, సైగలు నేర్చుకోండి.

● చూపులేని బిడ్డ ఉంటే బోర్డు మీద రాసేదంతా పైకి చదవండి. "ఇది, అది" అనకుండా పేరుపెట్టి చెప్పండి. వస్తువులు చేతికిచ్చి తడమనివ్వండి. బ్రెయిలీ పుస్తకాలు తెప్పించండి.

● మ–య, ప–వ పదేపదే తారుమారు చేసే పిల్లను బద్ధకమని కొట్టకండి. అది డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) కావచ్చు. పలికిస్తూ ఇసుకలో దిద్దించండి. జవాబు నోటితో చెప్పనివ్వండి.

● ఎదుగుదల మందగించిన బిడ్డకు పాఠాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి చెప్పండి. చింతగింజలతో కూడికలు చేయించండి. ఒకటి వచ్చాకే ఇంకొకటి. వచ్చిన వెంటనే మెచ్చుకోండి.

చట్టం మన పక్షాన ఉంది!

దివ్యాంగుల హక్కుల చట్టం–2016 ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న 6–18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలో గానీ, కోరుకుంటే ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువు చెప్పాలి. పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు కల్పించాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో 10 మందికి ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచర్లు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

తల్లిదండ్రులారా, బిడ్డను ఇంట్లో దాచకండి! వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరానికి తీసుకెళ్లి సర్టిఫికెట్ తీసుకోండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రంలో చూపించండి. బడి కమిటీ మీటింగులో నిలబడి అడగండి:

1. ప్రత్యేక టీచర్ మా బడికి ఏ రోజుల్లో వస్తారు?
2. ఈ నెల మా బిడ్డకు ఏం నేర్పుతారు? రాసివ్వండి.
3. ర్యాంపు, మా పిల్లలు వాడుకోగల మరుగుదొడ్డి ఎప్పుడు కడతారు?

జవాబు రాకపోతే అందరం కలిసి మండల విద్యాధికారికి (ఎంఈఓ) అర్జీ ఇద్దాం, రసీదు తీసుకుందాం. బిడ్డకు వైకల్యం ఉన్నా లేకున్నా, వచ్చే మీటింగుకు ఇంటికొకరు కదలిరండి! అర్జీ మీద సంతకం పెట్టండి!

– పిల్లల తల్లిదండ్రులు, టీచర్లు, ఊరి యువత