వాకిట్లోకి రాని కెమెరా

మా సంఘంలో పదో తరగతి దాటిన ఆడపిల్లలకు కర్దాషియాన్ అక్కచెల్లెళ్ళ పేర్లు వరసగా వచ్చు. కోర్ట్నీ, కిమ్, క్లోయీ, కెండల్, కైలీ. పన్నెండుమంది శిష్యుల పేర్లు అడిగితే మాత్రం బర్తొలొమయి దగ్గర ఆగిపోతారు (పెద్దలు కూడా చాలామంది అక్కడే ఆగుతారనుకోండి). మేం ఉండేది ముంబయిలో. మా వాళ్ళ తాతలు మిల్లుల్లో పనికీ, తాపీ పనికీ వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. పది బై పదిహేను గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో, కాలిఫోర్నియాలోని ఒక ధనిక కుటుంబం అల్మారాల్లో ఎన్ని చేతిసంచులు ఉన్నాయో తెలిసిన పిల్లలున్నారు. దీని గురించి మనం మాట్లాడుకోవాలి.

'కీపింగ్ అప్ విత్ ద కర్దాషియాన్స్' 2007 అక్టోబరు 14న అమెరికాలో ఒక కేబుల్ ఛానెల్లో మొదలైంది. 2021 జూన్ దాకా, 20 సీజన్లు నడిచింది. 2022 ఏప్రిల్ నుంచి 'ద కర్దాషియాన్స్' అని పేరు మార్చుకుని ఓటీటీకి వచ్చింది. మన దేశంలో హాట్‌స్టార్‌లో చూస్తున్నారు. పిల్లలు చాలామంది అది కూడా చూడరు, రీల్స్‌లో ముక్కలు ముక్కలుగా చూస్తారు. తండ్రి రాబర్ట్ కర్దాషియాన్ పేరున్న లాయరు, ఓ.జె. సింప్సన్ కేసులో ముద్దాయి తరఫున నిలబడ్డవాడు, 2003లో చనిపోయాడు. ఈ వ్యాపారం మొత్తం నడిపేది తల్లి క్రిస్ జెన్నర్. షో మొదలైనప్పుడు వాళ్ళు ఉన్నవాళ్ళే. ఇంతటివాళ్ళను చేసింది మాత్రం చూసినవాళ్ళ కళ్ళు.

మన వేదికల మీద ఈ షో పేరెత్తితే ప్రసంగం ఒకే దారి పడుతుంది. బట్టలు, పెదాలు, నడుము, పెళ్ళిళ్ళు, విడాకులు. ఎదురుగా కూర్చున్న ఆడపిల్లలు తల దించుకుంటారు, పెద్దలు ఆమెన్ అంటారు, అక్కడితో అయిపోతుంది. ఆ విమర్శ నాకు నచ్చదు. అందులో కష్టం ఏమీ లేదు. స్త్రీ ఒంటి మీది గుడ్డ కొలవడానికి మనకు ఎప్పుడూ టేపు చేతిలోనే ఉంటుంది. డబ్బు కొలిచే టేపు మాత్రం దొరకదు. ఎందుకంటే అది తీస్తే ముందు వరస కుర్చీల దాకా వెళ్తుంది.

అసలు ఆ షో పని ఎలా చేస్తుందో చూడండి. 'మేం ఇంత గొప్పవాళ్ళం' అని ఎవరూ చెప్పరు. చెబితే రెండు వారాల్లో విసుగొస్తుంది. కథ అంతా అక్కాచెల్లెళ్ళ అలకలు, అమ్మ మీద కోపం, మొగుడితో తగువు, బిడ్డ కోసం ఆశ. అంటే మన ఇళ్ళల్లో ఉన్నవే. మన మనసు ఆ తగువు వెంట పోతుంటే, వెనకాల పాలరాయి నేల, ఈతకొలను, సొంత విమానం గోడకు కొట్టిన సున్నంలా నిలబడి ఉంటాయి. పది ఎపిసోడ్లయ్యేసరికి అవి విడ్డూరంగా అనిపించవు, మామూలుగా అనిపిస్తాయి. అప్పుడు మన గది మామూలుగా అనిపించడం మానేస్తుంది. నాకు భయం అక్కడ.

2011లో వచ్చిన ఒక ఎపిసోడ్ ఇప్పటికీ రీల్స్‌లో తిరుగుతోంది. బోరా బోరా దీవిలో కిమ్ వజ్రపు చెవిదుద్దు సముద్రంలో పడిపోయింది. ఖరీదు 75 వేల డాలర్లు. ఆమె వెక్కి వెక్కి ఏడుస్తుంటే, కోర్ట్నీ బిడ్డను చంకనెత్తుకుని వచ్చి, లోకంలో మనుషులే చచ్చిపోతున్నారు కదే అన్నట్టు ఒక్క మాట అంది. ఆ మాట అన్నది ప్రవక్త కాదు, సొంత అక్క. కానీ లోకం దాన్ని జోకుగా తీసుకుంది. టీషర్టుల మీద వేసుకున్నారు. 20 సీజన్లలో అంతకంటే నిజమైన మాట మరొకటి ఉందో లేదో నేను చెప్పలేను గానీ, ఆ ఒక్కదాన్నే నవ్వుకోవడానికి వాడుకున్నారు.

లూకా సువార్త 16వ అధ్యాయంలోని ధనవంతుడి కథ కూడా ఇలాంటి షోయే. ఊదారంగు బట్టలు, సన్నపు నార, ప్రతిరోజూ విందు. పండగనాడు కాదు, ప్రతిరోజూ. ప్రభువు ఆ కథ చెప్పినప్పుడు ఆ ఇంటి వాకిట్లో పడి ఉన్నవాడికి లాజరు అని పేరు పెట్టాడు. బల్ల దగ్గర కూర్చున్నవాడికి పేరు లేదు. ఈ షోలో లెక్క తిరగబడింది. బల్ల దగ్గర ఉన్నవాళ్ళందరికీ పేర్లు ఉన్నాయి, అవి ట్రేడ్‌మార్కులు కూడా. అంత పెద్ద ఇళ్ళు తుడిచేది ఎవరు? ఆ తోట నీళ్ళు ఎవరు పడతారు? సలాడ్ గిన్నెలు ఎవరు కడుగుతారు? అప్పుడప్పుడు ఒక చెయ్యి, ఒక వీపు కనబడి పోతుంది.

2021 మేలో ఆ వీపుల్లో కొన్ని ఇటు తిరిగాయి. కిమ్ కర్దాషియాన్ ఇంట్లో తోటపని, మరమ్మతు పనులు చేసిన ఏడుగురు లాస్ ఏంజెలెస్ కోర్టులో దావా వేశారు. జీతాలు సరిగా ఇవ్వలేదని, భోజన విరామం లేదని, ఓవర్‌టైం ఎగ్గొట్టారని వాళ్ళ ఫిర్యాదు. వాళ్ళను పెట్టుకున్నదీ జీతాలిచ్చేదీ వేరే కాంట్రాక్టరు, ఆమెకు సంబంధం లేదు అని ఆమె తరఫువాళ్ళు జవాబిచ్చారు. ఈ జవాబు మనకు కొత్త కాదు. ముంబయిలో భవనం కట్టే మేస్త్రీని అడగండి, బెంగుళూరులో ఆఫీసులు ఊడ్చే అమ్మను అడగండి, 'కాంట్రాక్టరును అడుగు' అనే మాట ఎన్నిసార్లు విన్నారో చెబుతారు. కోత కోసినవాళ్ళ కూలి బిగబట్టినప్పుడు ఆ కూలే అరుస్తుందని యాకోబు పత్రికలో ఉంది. అక్కడ కాంట్రాక్టరు ప్రస్తావన లేదు.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో కరవు వల్ల 2022లో నీటి వాడకం మీద ఆంక్షలు పెట్టారు. ఆ జూన్ నెలలో కిమ్ ఇల్లు ఉన్న స్థలాలకు ఇచ్చిన పరిమితి కంటే దాదాపు 2,32,000 గ్యాలన్లు ఎక్కువ వాడారని నీటి సంస్థ లెక్కలు బయటికొచ్చాయి. మన లెక్కలో 8 లక్షల 78 వేల లీటర్ల పైమాటే. తెల్లవారకముందే లేచి కుళాయి దగ్గర డ్రమ్ము పెట్టే ఇంటివాళ్ళకు ఆ అంకె విడమరిచి చెప్పనక్కర్లేదు. అదే సంవత్సరం జూలైలో కైలీ సొంత విమానం 17 నిమిషాల ప్రయాణానికి లేచింది. కారులో గంట పట్టని దూరం.

'వాళ్ళు కష్టపడి సంపాదించారు పాస్టర్ గారూ, మీకెందుకు కుళ్ళు' అని మా యౌవనస్థుల కూడికలో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. కష్టపడటం లేదని నేననను. కిమ్ చేసిన మంచి కూడా ఉంది. మొదటిసారి చేసిన మాదకద్రవ్యాల నేరానికి యావజ్జీవం పడి, 21 ఏళ్ళకు పైగా జైల్లో ఉన్న ఆలిస్ మేరీ జాన్సన్ అనే నల్లజాతి స్త్రీ కోసం ఆమె నేరుగా అధ్యక్షుడు ట్రంప్ దగ్గరికి వెళ్ళి అడిగింది. 2018 జూన్‌లో ఆలిస్ బయటికొచ్చింది. చెరలో ఉన్నవారి గురించి పాడుకుని ఇంటికి వెళ్ళిపోయే మనకంటే అది మేలు. కానీ 'సొంతంగా సంపాదించారు' అన్న మాట దగ్గర ఆగాలి. 2019లో ఫోర్బ్స్ పత్రిక 21 ఏళ్ళ కైలీని సొంతంగా ఎదిగిన అతి పిన్న బిలియనీరని రాసింది. లెక్కలు పెంచి చూపించారంటూ 2020 మేలో అదే పత్రిక ఆ బిరుదు వెనక్కి తీసుకుంది. 2022 అక్టోబరులో కిమ్ 12.6 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఒక క్రిప్టో టోకెన్ గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెట్టి, అందుకు రెండున్నర లక్షల డాలర్లు తీసుకున్న సంగతి చెప్పలేదని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ పెట్టిన కేసు అది. తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా డబ్బు కట్టేసింది. తమ్ముడూ, మనం చూస్తున్నది వాళ్ళ రోజువారీ జీవితం అనుకుంటున్నాం. అది అంగడి. మనం కొనకపోయినా మన చూపు అక్కడ అమ్ముడవుతూనే ఉంది.

2024 జూలైలో ఆ కెమెరా మన ఊరికే వచ్చింది. అంబానీల పెళ్ళికి కిమ్, క్లోయీ వచ్చారు. ఆ రోజులు 2025లో ఎపిసోడ్‌గా వచ్చాయి. పిలిచినవాళ్ళతో తమకు పెద్దగా పరిచయం లేదని వాళ్ళే నవ్వుతూ చెప్పారు. శుభలేఖ 18 కిలోలకు పైనే ఉందట. ఇక్కడ కూడా కిమ్ హారంలోంచి ఒక వజ్రం ఊడిపోయింది, వెతికినా దొరకలేదు. పెళ్ళి జరిగిన బాంద్రా కుర్లా కాంప్లెక్సులో 12 నుంచి 15 దాకా మధ్యాహ్నం ఒంటిగంట మొదలు అర్ధరాత్రి వరకు రోడ్లు మూసేశారు. మీఠీ నది అవతల ధారావి. ఈ నగరాన్ని కట్టిన చేతుల్లో తెలుగు చేతులు ఎన్నో. కామాటిపుర అనే పేరే తెలుగు కామాటీ కూలీల మీద వచ్చింది, ఇప్పుడా పేరు వింటే లోకానికి వేరే సంగతులు గుర్తొస్తాయి గానీ. అక్కచెల్లెళ్ళ కెమెరా నది దాటలేదు.

ఇక మన సంఘాలు. గృహప్రవేశ ప్రార్థనకు వెళ్తాం. పాస్టరు గారితో రిబ్బన్ కోయిస్తారు, డ్రోన్‌తో వీడియో తీస్తారు, మాడ్యులర్ కిచెన్ దగ్గర నిలబడి సాక్ష్యం చెప్పి యూట్యూబ్‌లో పెడతారు. దేవుడు దీవించాడని చెప్పడం తప్పు కాదు. అయితే దీవెన అంటే గ్రానైటే అయితే, అద్దె గదిలో నలభై ఏళ్ళు ప్రార్థించిన మా సంఘపు వృద్ధురాలిని దేవుడు మరిచిపోయాడని ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోను. బంగారు రంగు కుర్చీల్లో కూర్చునే మా తోటి సేవకుల పుట్టినరోజు వీడియోలకూ ఆ షోకూ తేడా భాషే.

మా సంఘంలో ఇళ్ళల్లో పనికి వెళ్ళే అక్కలు చాలామంది. ఆదివారం సెలవు దొరకక ఆరాధన సగమయ్యాక వస్తారు. వాళ్ళను పనిలో పెట్టుకున్నవాళ్ళలో విశ్వాసులూ ఉన్నారు, వాళ్ళు మాత్రం టైముకే వస్తారు. ఇంటిపని కార్మికుల మీద 2011లో వచ్చిన అంతర్జాతీయ ఒడంబడికను మన దేశం ఇంకా ఆమోదించలేదు. కర్ణాటక 2004లోనే ఈ పనికి కనీస వేతనం నిర్ణయించింది. మహారాష్ట్రలో సంక్షేమ బోర్డు చట్టం 2008లో వచ్చింది. అది తెలిసిన అక్కలు మా దగ్గర వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

అందుకే వచ్చే నెల యౌవనస్థుల కూడికలో ఆ షో ఎపిసోడ్ ఒకటి వేస్తున్నాం. ఎవరి పిల్లలనూ బట్టల గురించి అడగం. తెర మీద పనివాళ్ళు ఎన్నిసార్లు కనబడ్డారో, వాళ్ళలో ఎంతమంది పేరు వినబడిందో కాగితం మీద రాయమంటాం. అది అయ్యాక అదే గదిలో వాళ్ళ అమ్మల బోర్డు నమోదు ఫారాలు పిల్లలే నింపుతారు. ఆధార్ కార్డు, ఫోటోలు తెచ్చుకోమని ఇప్పటికే చెప్పాం.