బీపీ, షుగర్ ఉన్నోళ్లకు చెల్లని ప్రయాణ బీమా మాకెందుకు?

నిజామాబాద్, బోధన్ పెన్షనర్లారా! శక్కర్‌నగర్ మాజీ కార్మికులారా!

మొన్న బిడ్డ కాన్పుకని అమెరికా పోయిన మన రిటైర్డ్ సారు ఒకరికి అక్కడ గుండెనొప్పి వచ్చింది. స్టెంటు వేశారు, బతికారు. బీమా కంపెనీ మాత్రం ఇక్కడి ఖలీల్‌వాడి డాక్టరు రాసిన పాత చీటీలు తెప్పించుకుని, బీపీ గోలీ పేరు కింద గీత గీసి, ముందునుంచీ ఉన్న జబ్బు కాబట్టి పైసా ఇవ్వమన్నది. ఇప్పుడు అల్లుడు వాయిదాలు కడుతున్నాడు.

అరవై దాటినోళ్లలో బీపీ, షుగర్ లేనిదెవరికి? ఆ రెండూ తీసేస్తే ఇక బీమా దేనికి, కాలుజారి పడటానికా? టికెట్‌తో పాటు అంటగట్టే చౌక పాలసీ చదవండి. మంచానికి రోజుకింత, ఆపరేషన్‌కింత అని ముందే గిరి గీసి ఉంటుంది. మిగతాదంతా మన నెత్తినే. పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే ఇచ్చే పాలసీలూ ఉన్నాయి, వయసు షరతులతో. ఆ ముక్క ఏ ఏజెంటూ చెప్పడు. ఆరోగ్యశ్రీ సముద్రం దాటదు. డెబ్బై నిండినోళ్ల ఆయుష్మాన్ కార్డూ అంతే.

'కొడుకులు డాలర్లు సంపాదిస్తలేరా' అనేవాళ్లతో మాకు వాదన లేదు. పిల్లలెందుకు పోయిండ్రో చెప్పండి! 2002లో మన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో 51 శాతం ప్రైవేటుకు అప్పజెప్పిందెవరు? 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటిస్తే చూస్తూ కూర్చున్నదెవరు? ఉన్నఊళ్లో బతుకు లేకుండా చేసి, పిల్లల్ని చూడబోతే మీ చావు మీరు చావండంటారా?

గల్ఫ్‌కు పనికి పోయే, వలస అనుమతి అవసరమైన (ఇ.సి.ఆర్.) పాస్‌పోర్టు కార్మికుడికి 275 రూపాయలకు రెండేళ్ల ప్రవాసీ బీమాను కేంద్రమే తప్పనిసరి చేసింది. అందులో లొసుగులు లేవని కాదు, తలచుకుంటే చేయగలరని! కెనడా లక్ష డాలర్ల బీమా చూపందే తల్లిదండ్రులకు సూపర్ వీసా ఇవ్వదు. అమెరికా విజిటర్ వీసాకు బీమా అడగరు, కనుక మనమూ పట్టించుకోం.

పాత జబ్బులకూ చెల్లే గ్రూపు పాలసీని ప్రభుత్వ బీమా కంపెనీలతో కేంద్రం తేవాలి. వచ్చేదాకా పెన్షనర్ల సంఘమే కంపెనీలతో బేరమాడాలి. పాలసీ అమ్మే ఏజెంటు ఏ జబ్బుకు చెల్లదో తెలుగులో, ఉర్దూలో రాసి సంతకం పెట్టివ్వాలి.

ఈలోగా పోయేవాళ్లు జబ్బు దాచొద్దు. నొప్పి వస్తే బిల్లుకు జంకి ఇంట్లో పడుకోవద్దు. 1986 నాటి చట్టం ప్రకారం అమెరికా ఎమర్జెన్సీ వార్డు డబ్బుల్లేవని వెళ్లగొట్టరాదు. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో బిల్లు తగ్గింపు దరఖాస్తు ఉంటుంది, అడిగి తీసుకోండి. పద్దులవారీ బిల్లు చూడకుండా కార్డు గీకనివ్వకండి.

సంఘం సమావేశంలో ఈ డిమాండ్లతో తీర్మానం పెడుతున్నాం. మీ పాలసీ కాగితాలు పట్టుకుని రండి.

– కొందరు పెన్షనర్లు, నిజామాబాద్