జీతం కోసం ఓడనే ఎత్తుకెళ్లారు!

జీతాలు తగ్గిస్తే ఉద్యోగులు ఏం చేస్తారు? నల్లబ్యాడ్జీలు పెట్టుకుంటారు. ధర్నా చేస్తారు. మరీ ఒళ్లు మండితే సమ్మెకు దిగుతారు. డచ్చి నావికులు మాత్రం 1933లో తాము పనిచేస్తున్న యుద్ధనౌకనే తీసుకుని నడిసముద్రంలోకి వెళ్లిపోయారు!

ఆ నౌక పేరు 'డె జేవెన్‌ ప్రొవిన్సియన్‌'. ఏడు రాష్ట్రాలు అని అర్థం. 1910లో డచ్చి నౌకాదళంలో చేరింది. ఆవిరి ఇంజిన్లు, నూరు మీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల ఫిరంగులు రెండు... చూడ్డానికి కొండలా ఉండేది. అప్పట్లో ఇండోనేషియా డచ్చివారి వలస రాజ్యం. ఆ దీవుల చుట్టూ కాపలా తిరగడం దీని ఉద్యోగం. 1933 నాటికి వయసైపోయింది. దాంతో నావికుల శిక్షణకు వాడుకునేవారు.

అవి ఆర్థికమాంద్యం రోజులు. ఖజానాలో డబ్బుల్లేవంటూ ప్రభుత్వం జీతాలకు విడతలవారీగా కత్తెర వేసింది. ఒకే ఓడలో పనిచేసినా తెల్ల నావికుడి జీతం వేరు, ఇండోనేషియా నావికుడి జీతం వేరు. అంతంతమాత్రపు జీతంలోనే మళ్లీ కోత! ముందుగా సురబయ రేవులో డచ్చి నావికులు పని మానేశారు. ఆ వెంటనే ఇండోనేషియన్లూ అదే బాట పట్టారు. అధికారులు వందలమందిని పట్టుకుని లోపలేశారు. ఆ కబురు రేడియోలో మన ఓడవాళ్లకు చేరింది.

అప్పుడది సుమత్రా ఉత్తరకొసన ఒలెలే దగ్గర లంగరేసి ఉంది. తిరుగుబాటు జరగొచ్చన్న గుసగుసలు కెప్టెన్‌ ఐకెన్‌బూమ్‌ చెవిన కూడా పడ్డాయి. ఆయన పట్టించుకోలేదు. ఫిబ్రవరి 4 రాత్రి చాలామంది అధికారుల్ని వెంటబెట్టుకుని ఒడ్డున క్లబ్బులో విందుకు వెళ్లాడు. వాళ్లక్కడ విందులో ఉండగా ఇక్కడ నావికులు ఓడను స్వాధీనం చేసుకుని లంగరెత్తేశారు. పాపం కెప్టెన్‌! మరో స్టీమర్‌ ఎక్కి సొంత ఓడనే వెంటాడాల్సి వచ్చింది.

తిరుగుబాటుదారుల్లో ఎక్కువమంది ఇండోనేషియన్లే. పరాజా, కవిలరాంగ్‌ లాంటివాళ్లు ముందు నిలిచారు. బోషార్ట్‌ అనే డచ్చి నావికుడూ వాళ్లతో చేతులు కలిపాడు. నన్నడిగితే ఈ కథలో అసలు విశేషం ఇదే. తెల్లదొరలు అంతగా బెదిరిపోవడానికీ ఇదే కారణమేమో! ఓడలో మిగిలిన అధికారుల్ని వాళ్లు చంపలేదు. సుమత్రా పడమటి తీరం వెంబడి సురబయకు బయల్దేరారు. తమకు హింస చేసే ఉద్దేశం లేదనీ, జీతాల కోతకూ సురబయలో అరెస్టులకూ నిరసనగానే ఈ పని చేశామనీ వైర్‌లెస్‌లో ప్రకటించారు.

హాలండ్‌లో మాత్రం గగ్గోలు పుట్టింది. అవసరమైతే ఓడను ముంచేయాల్సిందే అన్నాడు కోలైన్‌ అనే రాజకీయ నాయకుడు. యుద్ధనౌకలూ విమానాలూ కదిలాయి. ఫిబ్రవరి 10 ఉదయం సుందా జలసంధి దగ్గర ఎదురుపడ్డాయి. లొంగిపొమ్మన్నారు. నావికులు ససేమిరా అన్నారు. డోర్నియర్‌ విమానం నుంచి 50 కిలోల బాంబు జారి సరిగ్గా ఓడ ముందుభాగం మీద పడింది. 23 మంది చనిపోయారు. పరాజా కూడా వాళ్లలో ఒకడు. బెదిరించడానికి వేసిన బాంబు గురితప్పి తగిలిందా, కావాలనే ఓడ మీద వేశారా అన్న వాదన ఆ తరవాత చాలాకాలం నడిచింది. చావులు మాత్రం చావులే కదా!

బతికినవాళ్లను బటావియా దగ్గరి ఓన్‌రుస్ట్‌ దీవిలో బంధించారు. కవిలరాంగ్‌కు 18 ఏళ్లు, బోషార్ట్‌కు 16 ఏళ్లు జైలుశిక్ష వేశారు. ఓడను ముంచమన్న కోలైన్‌ ఆ ఏడాదే హాలండ్‌ ప్రధాని అయ్యాడు.

సరిగ్గా 13 ఏళ్ల తరవాత, 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో మన నావికులూ బ్రిటిష్‌ దొరల మీద తిరగబడ్డారు. అక్కడా మొదటి గొడవ తిండి, వివక్షల మీదే. ఆ సెగ విశాఖపట్నం దాకా పాకింది. ఇండోనేషియన్లు అప్పటికి తమకు తాముగా స్వాతంత్య్రం ప్రకటించుకుని డచ్చివారితో పోరాడుతున్నారు.

ఇంతకీ ఆ ఓడ ఏమైంది? మరమ్మతులు చేసి 1936లో పేరు మార్చేశారు. కొత్త పేరేంటో తెలుసా... 'సురబయ'! ఆనాడు నావికులు చేరాలనుకున్న ఊరి పేరే. 1942 ఫిబ్రవరిలో జపాన్‌ విమానాలు బాంబులేస్తే ఆ సురబయ రేవులోనే మునిగిపోయింది.